లెక్క చేసే బుర్రలో ఏం జరుగుతుంది?

లెక్కల పేపర్లు దిద్దే టీచర్ల నోట తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది: పిల్లలు బుర్ర పెట్టడం లేదు, ఆలోచించకుండా ఏదో ఒకటి చేసేసి వస్తున్నారు. తల్లిదండ్రులదీ అదే మాట. ఈ ఫిర్యాదులో రెండు ఊహలు ఇమిడి ఉన్నాయి. తప్పు చేసినవాడు ఆలోచించలేదన్నది ఒకటి. ఒప్పు చేసినవాడు ఆలోచించే చేశాడన్నది రెండోది. గడిచిన ఎనభై ఏళ్ళకు పైగా మనస్తత్వవేత్తలు, గణిత విద్యా పరిశోధకులు విద్యార్థుల పక్కన కూర్చుని, వాళ్ళు లెక్క చేస్తుండగా చూసి, పైకి చెప్పించుకుని, వీడియో తీసి, చివరికి కళ్ళ కదలికలను కూడా నమోదు చేసి పోగుచేసిన సాక్ష్యం ఈ రెండు ఊహలనూ నిలవనివ్వదు. ఆ సాక్ష్యాన్నంతా ఒకచోట పెట్టి చూస్తే తేలేది ఇది: విద్యార్థి దాదాపు ఎప్పుడూ ఆలోచిస్తూనే ఉంటాడు, అయితే అతను తేలుస్తున్న లెక్క మనం ఇచ్చామనుకున్న లెక్క కాకపోవచ్చు. కాగితం మీది లెక్కతోబాటు, ‘ఇక్కడ నన్ను ఏం చేయమంటున్నారు?’ అన్న మరో లెక్క అతని ముందుంటుంది. చాలాసార్లు అతను ముందుగా తేల్చుకునేది ఆ రెండోదాన్నే. అది తేలిన తీరే మొదటిదాని గతిని నిర్ణయిస్తుంది.

ఈ విషయం మనకెలా తెలిసిందన్నది ముందు చూడాలి. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన గణితవేత్త జార్జ్ పోల్యా 1945లో వెలువరించిన ‘హౌ టు సాల్వ్ ఇట్’ లెక్క చేయడాన్ని నాలుగు దశలుగా విడగొట్టింది: సమస్యను అర్థం చేసుకోవడం, పథకం వేసుకోవడం, దాన్ని అమలు చేయడం, వెనక్కి తిరిగి చూసుకోవడం. గణితవేత్తలు ఎలా ఆలోచిస్తారో చెప్పడంలో ఈ పుస్తకానికి సాటి లేదు గానీ, విద్యార్థులు నిజంగా అలా ఆలోచిస్తారా అన్నది దాని ప్రశ్న కాదు. ఆ ప్రశ్నకు దారి వేసింది మనస్తత్వవేత్తలు. జర్మన్ పరిశోధకుడు కార్ల్ డంకర్ 1935 నాటికే మనుషులకు చిక్కుసమస్యలిచ్చి, తోచినదల్లా పైకి చెబుతూ చేయమన్నాడు. అలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్ ఇదే పద్ధతిని పదునుపెట్టి 1972లో మనుషుల సమస్యా సాధన మీద ఒక బృహద్గ్రంథం తెచ్చారు. పైకి చెబుతూ చేస్తే ఆలోచనే మారిపోదా అన్న సందేహం న్యాయమైనదే. సైమన్, ఆండర్స్ ఎరిక్సన్ 1980లో దీనికి సమాధానమిచ్చారు. మనసులో నడుస్తున్న మాటలను ఉన్నవున్నట్టుగా పైకి అనమంటే ఆలోచన క్రమం పెద్దగా మారదు, ‘ఎందుకలా చేశావు?’ అని మధ్యలో వివరణ అడిగితే మాత్రం మారుతుంది. అందుకే ఈ రంగంలో ఏ ఒక్క పద్ధతినీ నమ్ముకోలేదు. తప్పు జవాబుల్లోని వరస, నోటి మాటలు, వీడియోలు, పెద్ద సంఖ్యలో పరీక్షా పత్రాలు, అన్నీ ఒకే వైపు చూపిస్తేనే ఆ ముగింపును ఒప్పుకుంటున్నారు.

తప్పుకూ ఒక పద్ధతి ఉంటుంది

52లోంచి 38 తీసివేయమంటే ఒక పిల్ల 26 అని రాసింది. 74లోంచి 29 తీసివేయమంటే 55 అంది. విడివిడిగా చూస్తే రెండూ పరధ్యానంలో చేసిన తప్పుల్లా కనిపిస్తాయి. పక్కపక్కన పెడితే ఒకే సూత్రం బయటపడుతుంది: ప్రతి నిలువు వరుసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేయడం. 2లోంచి 8 పోదు కాబట్టి 8లోంచి 2 తీసేసింది. ఇప్పుడామెకు 63లోంచి 47 ఇస్తే 24 రాస్తుందని ముందే చెప్పవచ్చు. జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ 1978లో వేలాది తీసివేత లెక్కలను కంప్యూటరు సాయంతో జల్లెడపట్టి, పిల్లల తప్పుల్లో చాలా భాగం ఇలాంటి నిలకడైన నియమాల ఫలితమేనని చూపించారు. తర్వాత బ్రౌన్, కర్ట్ వాన్‌లేన్ ఇంకో మెట్టు ఎక్కి, ఆ నియమాలు ఎక్కణ్ణుంచి వస్తాయో వివరించారు. నేర్చుకున్న పద్ధతి ఒకచోట ఆగిపోతుంది. పిల్ల అక్కడ చేతులెత్తేయదు. తనకు తెలిసినవాటితోనే ఒక అతుకు వేసుకుని ముందుకు సాగుతుంది. అతుకు తప్పు. అతుకు వేయాలన్న ప్రయత్నం మాత్రం ఆలోచనే. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం అనే చర్యకు అర్థం తెలియకపోవడం ఇక్కడి అసలు లోటు. ఆ పిల్లకు మరో 20 తీసివేతలు ఇంటిపనిగా ఇస్తే తన నియమాన్నే 20 సార్లు సాధన చేస్తుంది.

స్టాన్లీ ఎర్ల్‌వాంగర్ 1973లో ప్రచురించిన ఒక పరిశీలన ఇంతకంటే కలవరపెడుతుంది. అందులో బెన్నీ అని మారుపేరుతో కనిపించే ఆరో తరగతి పిల్లవాడు, ఎవరి వేగంతో వాళ్ళు పని పత్రాలు పూర్తిచేసుకుంటూ పోయే ఒక కార్యక్రమంలో చదువుతున్నాడు. టీచరు దృష్టిలో బాగా చేసేవాళ్ళలో ఒకడు. పక్కన కూర్చుని మాట్లాడిస్తే తెలిసింది, 2/10 అనే భిన్నాన్ని అతను 1.2గా మారుస్తున్నాడని. లవాన్నీ హారాన్నీ కూడి, ఎక్కడో ఒకచోట దశాంశ బిందువు పెట్టడం అతని పద్ధతి. అదే పద్ధతిలో 4/11కూ 11/4కూ జవాబు 1.5 అవుతుంది. రెండూ ఒకటే ఎలా అవుతాయన్న సందేహం అతనికి రాలేదు. జవాబుల పట్టీలో ఏముంటే అది ఒప్పు, లేకపోతే తప్పు, నియమాలన్నీ ఎవరో తెలివైనవాళ్ళు ఎప్పుడో పెట్టినవి అన్నది అతను గణితం గురించి చేసుకున్న తీర్మానం. గణితాన్ని అతను తప్పుగా అర్థం చేసుకున్నాడు గానీ, తన ముందున్న కార్యక్రమాన్ని సరిగ్గానే అర్థం చేసుకున్నాడు. అది నిజంగా అడిగింది పట్టీతో సరిపోయే జవాబునే. మార్కులు బాగా రావడానికీ ఆలోచన సరిగ్గా ఉండడానికీ మధ్య ఎంత దూరం ఉండవచ్చో చెప్పడానికి యాభై ఏళ్ళ తర్వాత కూడా బెన్నీనే ఉదాహరణగా తీసుకుంటున్నారు.

ఒక్క పిల్లవాడి కథ మీద అంత బరువు మోపవచ్చా అంటే, పెద్ద సంఖ్యలతో చేసిన పరిశీలనలూ ఉన్నాయి. 8 + 4 = □ + 5. ఈ పెట్టెలో ఏం రావాలి? కారెన్ ఫాక్నర్, లిండా లెవీ, థామస్ కార్పెంటర్ 1999లో వెల్లడించిన అమెరికా అధ్యయనంలో 145 మంది ఆరో తరగతి పిల్లల్లో ఒక్కరు కూడా 7 అనలేదు. 12 అన్నారు, లేదా 17 అన్నారు. ఆరేళ్ళపాటు వాళ్ళు చూసిన లెక్కల్లో సమానం గుర్తు తర్వాత ఎప్పుడూ జవాబే వచ్చింది. ఎడమ వైపు చేయాల్సిన పని, కుడి వైపు ఫలితం. దాంతో ఆ గుర్తుకు ‘ఇప్పుడు జవాబు రాయి’ అన్న అర్థాన్ని వాళ్ళు తీసుకున్నారు. రెండు వైపుల విలువా ఒకటేనన్న అర్థం వాళ్ళకు అవసరమే పడలేదు. చైనాలో అదే స్థాయి పిల్లలకు ఇలాంటి లెక్క ఇస్తే దాదాపు అందరూ సరిగ్గా చేశారు. అక్కడి పాఠ్యపుస్తకాలు ఆ గుర్తును మొదటినుంచీ పోలికగా, సమతూకంగా పరిచయం చేస్తాయి. ఇలాంటి అర్థాలు వయసుతోబాటు వాటంతటవే సర్దుకుంటాయనుకోవడానికీ లేదు. ఒక విశ్వవిద్యాలయంలో ప్రతి ప్రొఫెసరుకూ ఆరుగురు విద్యార్థులున్నారు, దీన్ని సమీకరణంగా రాయండి అని జాన్ క్లెమెంట్ బృందం అమెరికాలో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థులను అడిగితే 37 శాతం మంది తప్పారు. తప్పినవాళ్ళలో ఎక్కువమంది S = 6P అనడానికి బదులు 6S = P అని రాశారు. ఇంగ్లీషు వాక్యంలో మాటలు వచ్చిన వరసలోనే అక్షరాలు పేర్చారు. S అంటే వాళ్ళకు విద్యార్థుల సంఖ్య కాదు, విద్యార్థి అనే పేరుకు పొడి అక్షరం.

రాత లెక్కల్లో లోకం ఎక్కడికి పోతుంది?

ఇంతవరకూ చూసినవి గణితం లోపలి అపార్థాలు. రాత లెక్కల దగ్గరికి వచ్చేసరికి ఇంకో వింత ఎదురవుతుంది. 1980 ప్రాంతంలో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో గణిత విద్యా పరిశోధకులు 97 మంది చిన్న తరగతుల పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు. ఓడలో 26 గొర్రెలూ 10 మేకలూ ఉన్నాయి, ఓడ కెప్టెన్ వయసెంత? 76 మంది ఇచ్చిన అంకెలతోనే ఏదో ఒకటి చేసి వయసు చెప్పారు. 36 అన్నది వాళ్ళకు సబబుగానే తోచింది. అమెరికా జాతీయ విద్యా మదింపులో 13 ఏళ్ళ పిల్లలకు వచ్చిన బస్సు లెక్క ఇంకా ప్రసిద్ధం. ఒక్కో బస్సులో 36 మంది సైనికులు పడతారు, 1128 మందిని తరలించాలంటే ఎన్ని బస్సులు కావాలి? సుమారు 70 శాతం మంది భాగహారం సరిగ్గానే చేశారు. 32 బస్సులని రాసినవాళ్ళు 23 శాతమే. 29 శాతం మంది ‘31, శేషం 12’ అన్నారు, 18 శాతం మంది 31తో సరిపెట్టి 12 మందిని దారిలో వదిలేశారు. బెల్జియంలో లీవెన్ వెర్షాఫెల్ బృందం 1994లో 75 మంది ఐదో తరగతి పిల్లలకు ఇలాంటివే పది లెక్కలిచ్చింది. రెండున్నర మీటర్ల చెక్కలు నాలుగు కొంటే మీటరు పొడవు ముక్కలు ఎన్ని వస్తాయన్నది ఒకటి. వడ్రంగి ఎవరైనా ఎనిమిదే అంటాడు. ఒక్కో చెక్క నుంచీ రెండేసి ముక్కలు వస్తాయి, అరమీటరు తునకలు మిగిలిపోతాయి. పిల్లల్లో అత్యధికులు పది అన్నారు. మొత్తం మీద వాస్తవాన్ని లెక్కలోకి తీసుకున్న జవాబులు 17 శాతం దాటలేదు.

దీన్ని తెలివితక్కువతనం అని కొట్టిపారేయడం తేలిక. మరో వైపు నుంచి ఒక అభ్యంతరం కూడా ఉంది: పిల్లలు టీచరును నమ్మారు, పెద్దవాళ్ళు అర్థం లేని లెక్క ఇవ్వరనుకున్నారు, వాళ్ళను మోసం చేసి తప్పు పట్టడం ఏం పరిశోధన? ఈ అభ్యంతరం సరైనదే. పైగా అది ఈ వ్యాసం వాదాన్నే బలపరుస్తుంది. ఫ్రెంచ్ పరిశోధకుడు గీ బ్రూసో తరగతి గదిలో టీచరుకూ విద్యార్థికీ మధ్య పైకి చెప్పని ఒక ఒప్పందం నడుస్తుందన్నాడు. ఇచ్చిన ప్రతి లెక్కకూ జవాబు ఉంటుంది, ఇచ్చిన అంకెలన్నీ వాడాలి, ఈ వారం నేర్పిన పద్ధతే పనికొస్తుంది, బయటి లోకం సంగతులు ఇక్కడికి తేకూడదు. ఇవేవీ ఏ పుస్తకంలోనూ రాసి ఉండవు. అయినా ప్రతి పిల్లవాడికీ తెలుసు. రాత లెక్క అనే ప్రక్రియ మనకు కొత్తదేం కాదు. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన 11వ శతాబ్దంలోనే తెలుగులోకి తెచ్చాడు. కథ అనే తొడుగు వలిచి లోపలి క్రియను పట్టుకోవడం దానిలోని ఆట. ఆ ఆట నియమాలు అలవాటయ్యాక, తొడుగు నిజమా అబద్ధమా అని అడగడం అనవసరమని పిల్లలు గ్రహిస్తారు. ఇది ఊహాగానం కాదనడానికి రుజువుంది. థామస్ డిఫ్రాంకో, ఫ్రాన్సెస్ కర్సియో 1997లో బస్సు లెక్కలాంటిదాన్నే కాగితం మీద ఇచ్చినప్పుడు పిల్లల్లో చాలామంది తప్పారు. ఆ పిల్లలకే వివరాలిచ్చి, ఫోను చేసి కావలసినన్ని వ్యాన్లు మాట్లాడమంటే చాలామంది సరైన సంఖ్య చెప్పారు. పిల్లలూ వాళ్ళే, లెక్కా ఆ తరహాదే. మారింది, తమను ఏం చేయమంటున్నారన్న అవగాహన మాత్రమే.

బడి దాటి వీధిలోకి వస్తే ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో తెరెజిన్యా కారహెర్, డేవిడ్ కారహెర్, అనలూసియా ష్లీమన్ 1985లో ప్రచురించిన అధ్యయనంలో అయిదుగురు పిల్లలు అంగళ్ళలో అమ్మకం చేస్తూ నోటితో చేసిన లెక్కల్లో 98.2 శాతం ఒప్పులు. అవే లెక్కలు రాత లెక్కలుగా ఇస్తే 73.7 శాతం. ఒట్టి అంకెలతో ఇస్తే 36.8 శాతం. 35 చొప్పున నాలుగు కొబ్బరికాయలు ఎంతని అడిగితే ఒక కుర్రాడు మూడింటికి 105, దానికి 30, ఆపైన 5 కలిపి 140 అన్నాడు. అదే పిల్లవాడు కాగితం మీద 35 × 4 చేసేటప్పుడు నాలుగైదులు ఇరవై అని 0 వేసి, 2ను పక్క స్థానానికి తీసుకెళ్ళి, దాన్ని ముందే 3తో కలిపి 5 చేసి, నాలుగైదులు మళ్ళీ ఇరవై అని 200 రాశాడు. అంగట్లో అయితే 140కి బదులు 200 అడిగితే కొనేవాడు ఊరుకోడు, కుర్రాడూ ఊరుకోడు. అయిదుగురితో ఏం తేలుతుందనే అభ్యంతరానికి నలభై ఏళ్ళకు మన దేశం నుంచే జవాబు వచ్చింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,436 మంది పిల్లలను పరీక్షించి 2025లో ‘నేచర్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. దాదాపు అందరూ బేరాల్లోని చిక్కు లెక్కలు చకచకా తేల్చేశారు. అంతకంటే తేలికైన బడి లెక్కల దగ్గర ఆగిపోయారు. ఈ అధ్యయనం రెండో వైపు కూడా చూసింది. అమ్మకం అనుభవం లేని 471 మంది బడి పిల్లలు ఒట్టి అంకెల లెక్కలు మెరుగ్గా చేశారు గానీ, బజారు పిల్లల్లో మూడోవంతుకు పైగా చేసిన ఒక లెక్కను వాళ్ళలో ఒక శాతం మందే చేయగలిగారు. బడి తెలివి బజారుకు పోలేదు, బజారు తెలివి బడికి రాలేదు.

రాత లెక్క చదివే తీరులోనే ఈ విడిపోవడం మొదలవుతుంది. ‘రాము దగ్గర 45 గోళీలున్నాయి. ఇవి సోము దగ్గరున్నవాటికంటే 12 తక్కువ. సోము దగ్గర ఎన్ని?’ తక్కువ అనే మాట కంటబడగానే 33 అనేవాళ్ళు ఏ తరగతిలోనైనా ఉంటారు. మేరీ హెగార్టీ, రిచర్డ్ మేయర్ బృందం 1995లో కళ్ళ కదలికలు నమోదు చేసి చూసింది. తప్పు చేసేవాళ్ళ చూపు మళ్ళీ మళ్ళీ అంకెల మీదికీ, తక్కువ, ఎక్కువ లాంటి మాటల మీదికీ పోతుంది. సరిగ్గా చేసేవాళ్ళ చూపు ఎవరి దగ్గర అన్న పేర్ల మీద కూడా నిలుస్తుంది. వాళ్ళు ముందు పరిస్థితిని మనసులో కట్టుకుంటున్నారు. ‘మొత్తం అంటే కూడు, మిగిలినవి అంటే తీసేయి’ అని మనం నేర్పే కిటుకులు మొదటి రకం చదువునే అలవాటు చేస్తాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం విస్తరిస్తున్న ఈ కాలంలో ఈ సంగతి మరింత గుర్తుంచుకోవాలి. వాక్యం పూర్తిగా అర్థంకాని పిల్లకు తెలిసిన మాటను వెతుక్కుని దాన్ని పట్టుకుని పోవడం తప్ప దారి లేదు. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా అచ్చువేసిన పుస్తకాలు ఈ విషయంలో మంచి సాయం. తరగతిలో ఆ తెలుగు పేజీని నిజంగా తెరిస్తేనే ఆ సాయం అందుతుంది.

పట్టు వదలకపోవడమే తప్పయినప్పుడు

లెక్క అర్థమై, కావలసిన సూత్రాలన్నీ తెలిసి కూడా చేయలేకపోవడం మరో రకం. దీన్ని అందరికంటే నిశితంగా చూసినవాడు ఆలన్ షోన్‌ఫెల్డ్. 1985 నాటి తన పుస్తకంలో అతను లెక్క చేసేవాడి ఆలోచనను నాలుగు భాగాలుగా చూడాలన్నాడు: తెలిసిన విషయాలు, ఉపాయాలు, తన పనిని తాను నడిపించుకునే అదుపు, గణితం అంటే ఏమిటన్న నమ్మకాలు. కళాశాల విద్యార్థులు తెలియని సమస్యల మీద కుస్తీపట్టిన వందకు పైగా వీడియోలను నిమిషాలవారీగా విడగొట్టి చూస్తే, సుమారు 60 శాతంలో ఒకటే వరస కనిపించింది. లెక్క చదవడం, క్షణాల్లో ఒక దారి ఎంచుకోవడం, ఏమైనా సరే చివరిదాకా అదే దారిలో పోవడం. ఇరవై నిమిషాలు గడిచినా ఈ దారి ఎటైనా తీసుకెళ్తోందా అని ఆగి చూసుకున్నవాళ్ళు లేరు. ఆ సమస్యకు కావలసిన పాఠం ఎప్పుడో మరిచిపోయిన ఒక గణితవేత్త మాత్రం, ఎక్కువ సమయం సమస్యను అర్థం చేసుకోవడానికే వెచ్చించి, పనికిరాని దారులను వెంటవెంటనే వదిలేస్తూ చివరికి తేల్చాడు. అంటే ఇక్కడ తేడా తెచ్చింది గుర్తున్న సూత్రాల సంఖ్య కాదు. షోన్‌ఫెల్డ్ తన తరగతిలో విద్యార్థుల దగ్గరికి వెళ్ళి మూడు ప్రశ్నలు అడుగుతూ ఉండేవాడు: ఇప్పుడు నువ్వు చేస్తున్నది ఏమిటి, ఎందుకు చేస్తున్నావు, అది నీకెలా ఉపయోగపడుతుంది? కోర్సు చివరికి ఆ తలవంచుకు పోయే వరస 20 శాతం కంటే తగ్గింది. ఇక నమ్మకాల సంగతి. మామూలు ఇంటిపని లెక్కకు ఎంతసేపు పట్టాలని హైస్కూలు విద్యార్థులను అడిగితే సగటున రెండు నిమిషాల దగ్గర తేలింది. ఇక ఇది రాదని వదిలేయడానికి ఎంతసేపు చూడాలంటే పన్నెండు నిమిషాల దగ్గర. అంతకంటే ఎక్కువసేపు పట్టే లెక్క వాళ్ళకెవరూ ఎన్నడూ ఇవ్వలేదు మరి.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి నిలబడుతుంది. ఇదంతా సరే, ముందు విషయం తెలియాలి కదా, ఎక్కాలు రానివాడికి ఆలోచన ఏం నేర్పుతారు? ఈ పక్షాన ఉన్న సాక్ష్యం తక్కువది కాదు. ఒకేసారి మనసులో నిలుపుకోగలిగినవి చాలా కొద్ది అని 1956లో జార్జ్ మిల్లర్ వ్యాసం నాటి నుంచీ తెలుసు. ఏడెనిమిదుల దగ్గరే ఆ చోటంతా నిండిపోతే భిన్నాల మధ్య సంబంధానికి చోటెక్కడ? మిషెలిన్ చీ బృందం 1981లో భౌతికశాస్త్ర సమస్యలతో చూపించినట్టు, కొత్తవాళ్ళు వాలుతలం, స్ప్రింగు అంటూ పైకి కనిపించేదాన్ని బట్టి లెక్కలను విడగొడతారు, ఆరితేరినవాళ్ళు లోపలి నియమాన్ని బట్టి విడగొడతారు. ఆ చూపు జ్ఞానంతోనే వస్తుంది. జాన్ స్వెల్లర్, గ్రాహమ్ కూపర్ 1985లో బీజగణితంలో చూపించిన ప్రకారం, కొత్తగా నేర్చుకునేవాళ్ళను లెక్కల మీదికి వదిలేయడం కంటే చేసి ఉన్న లెక్కలు చదివించడం మేలు. కాబట్టి ఆలోచన ముఖ్యం గనక సాధన వద్దనే వాదం నిలవదు. 2023 నాటి ‘అసర్’ విద్యా సర్వేలో గ్రామీణ భారతంలో 14–18 ఏళ్ళవాళ్ళలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్ళు 43.3 శాతమే అయినప్పుడు ఆ వాదం నిర్దయ కూడా. అయితే ఈ సాక్ష్యం చెప్పేది సాధన కావాలనే. ఎలాంటి సాధన అన్న ప్రశ్న అలాగే ఉంది. నైపుణ్యం వచ్చిన తర్వాత చేసి ఉన్న లెక్కలు సాయపడకపోగా అడ్డొస్తాయని స్వెల్లర్ పక్షంవాళ్ళే తర్వాత చూపించారు. పద్ధతి ముందా, అర్థం ముందా అన్న తగాదాను బెథనీ రిటిల్-జాన్సన్ తదితరులు భిన్నాల మీదా దశాంశాల మీదా చేసిన పరిశీలనలు చాలావరకు తీర్చాయి. ఒకటి పెరిగితే రెండోదానికి ఊతం, అది పెరిగితే తిరిగి మొదటిదానికి.

సాధన రకం ఎంత తేడా తెస్తుందో డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో చేసిన ప్రయోగం చెబుతుంది. నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణం కనుక్కోవడం నేర్పి, కళాశాల విద్యార్థుల్లో సగంమందికి ఒక్కో రకం లెక్కలన్నీ ఒక వరసలో ఇచ్చారు, మిగతా సగానికి అన్నీ కలగలిపి ఇచ్చారు. సాధన జరుగుతున్నప్పుడు వరసగా చేసినవాళ్ళకు 89 శాతం ఒప్పులు, కలగలిపి చేసినవాళ్ళకు 60 శాతం. వారం తర్వాత పరీక్ష పెడితే వరసవాళ్ళకు 20 శాతం, కలగలుపువాళ్ళకు 63 శాతం. కారణం దాపరికం లేనిదే. ఏ తాళానికి ఏ చెవో ముందే చేతిలో పెట్టి తిప్పమంటే తిప్పడం వస్తుంది, చెవి ఎంచుకోవడం రాదు. ‘అభ్యాసం 5.2’లో అన్ని లెక్కలకూ 5.2లోని సూత్రమే వస్తుందని తెలిసిన పిల్లవాడు లెక్క చదవాల్సిన అవసరం కూడా లేదు. అలా చేసిన ఒప్పులు చూసి టీచరూ మురుస్తారు, తల్లిదండ్రులూ మురుస్తారు, పిల్లవాడూ తనకు వచ్చేసిందనుకుంటాడు. అందరినీ కలిపి మభ్యపెట్టే ఒప్పులవి.

మన రాష్ట్రాల్లో దీనికి ఎదురయ్యే అసలు ప్రశ్న వేరు. సీట్లు తెచ్చేది ఇంటర్ కోచింగే కదా, ఆ రుబ్బుడు పనిచేస్తోంది కదా? పనిచేస్తోంది, అది ఏ పనికో చూడాలి. ఎంసెట్ అని ఇప్పటికీ పిలుచుకునే ఈఏపీసెట్ ఇంజనీరింగ్ విభాగంలో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. అందులో 80 గణితానివే. తప్పు జవాబుకు మార్కు కోయరు. అంటే ప్రశ్నకు 70 సెకన్లు కూడా లేవు. 1·2 + 2·3 + … + n(n+1) మొత్తం ఎంతో అడిగి నాలుగు జవాబులిస్తే, మెళకువ తెలిసిన విద్యార్థి శ్రేఢిని కూడడు. n బదులు 1 పెట్టి 2 రానివి కొట్టేస్తాడు, 2 పెట్టి 8 రానివి కొట్టేస్తాడు, మిగిలింది n(n+1)(n+2)/3. దీన్ని ఆలోచన లేని పని అనలేం. ప్రత్యేక సందర్భాన్ని పరీక్షించడం పోల్యా మెచ్చిన ఉపాయమే. కాకపోతే పోల్యా చేతిలో అది సూత్రం ఎందుకు నిజమో కనుక్కునే దారికి మొదలు. ఇక్కడ జవాబు మీద క్లిక్ చేయడంతో దాని పని అయిపోతుంది. జవాబు ముందే నాలుగింటిలో ఒకటిగా లేని రోజున, అంటే ఇంజనీరింగ్ కళాశాలలోనో ఉద్యోగంలోనో, ఈ ఉపాయానికి పట్టు దొరకదు. పరీక్షను తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. లక్షలమందిని వడపోయడానికి అలాంటిది ఒకటి ఉండక తప్పదేమో. ఆరో తరగతి నుంచే ఆ వడపోత పద్ధతిని చదువుగా మార్చడమే తప్పు. పద్ధతులు ఎప్పుడు వాడాలో తెలియని వయసులో వేగాన్ని నేర్పితే, షోన్‌ఫెల్డ్ వీడియోల్లోని ఆ తలవంచుకు పోయే వరసనే మనం డబ్బిచ్చి నేర్పించుకున్నట్టు.

చివరి అభ్యంతరం అన్నిటికంటే పాతది: లెక్కలు కొందరికే వస్తాయి. సోవియట్ మనస్తత్వవేత్త వాదిమ్ క్రుతెత్స్కీ ఏళ్ళ తరబడి చేసిన పరిశోధనలో గణితంలో చురుకైన పిల్లలు నిజంగానే వేరుగా కనిపించారు. వాళ్ళు ఒక్క లెక్క నుంచే ఆ తరహా మొత్తాన్ని పట్టుకుంటారు, నెలల తర్వాత అంకెలు మరిచిపోయినా లెక్క నిర్మాణం వాళ్ళకు గుర్తుంటుంది. తేడాలున్నాయన్నది నిజం. అయితే ఇంతవరకూ చూసిన తప్పుల్లో ఎన్నింటికి సామర్థ్యం లేకపోవడం కారణం? 145 మందిలో ఒక్కరికీ సమానం గుర్తు అర్థంకాకపోవడం పుట్టుకతో వచ్చిన లోపం కాజాలదు. కొబ్బరికాయల కుర్రాడి లోపం అతని మెదడులో ఉంటే అంగట్లో కూడా బయటపడాలి. భయం విషయంలోనూ ఇదే తర్కం వర్తిస్తుంది. మార్క్ ఆష్‌క్రాఫ్ట్, ఎలిజబెత్ కర్క్ 2001లో చూపించినట్టు, లెక్కలంటే ఆందోళన పడేవాళ్ళకు లెక్క చేసే వేళ మనసులో నిలుపుకునే చోటే కుంచించుకుపోతుంది. అందరి ముందూ నిలబెట్టి ఎక్కాలు అడిగి, రాకపోతే ‘వీడికి లెక్కలు రావు’ అని ముద్ర వేసేటప్పుడు మనం కొలుస్తున్న లోపంలో కొంత అప్పటికప్పుడు మనం తయారుచేసిందే.

ఈ సాక్ష్యం నుంచి టీచర్లకూ, ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్ళకూ వచ్చే బాధ్యతలు కొన్నే, అసాధ్యమైనవీ కావు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి విద్యా ప్రణాళిక పరిధి పత్రం తర్వాత వచ్చిన గణిత పుస్తకాలు సమస్యా సాధనతోబాటు కారణాలు చెప్పడం, నిరూపించడం, వ్యక్తపరచడం, అనుసంధానం చేయడం, బొమ్మగానో పట్టికగానో చూపించడం వంటివాటిని విద్యా ప్రమాణాలుగా పెట్టుకున్నాయి. కాగితం మీద ఇంతకంటే మంచి లక్ష్యాలు ఎక్కడా లేవు. పిల్లలు మాత్రం లక్ష్యాల పేజీ చదవరు. దేనికి మార్కులు పడుతున్నాయో దాన్నే చదువుతారు. కాబట్టి ప్రతి పరీక్షలో జవాబు కట్టాల్సిన అవసరం లేని ప్రశ్న ఒకటైనా ఉండాలి: ఈ లెక్కకు ఇచ్చిన వివరాలు సరిపోతాయా, ఈ జవాబు సాధ్యమేనా, ఈ పిల్ల ఎక్కడ తప్పింది. అభ్యాసాల్లో పాత పాఠాల లెక్కలు కలగలపాలి. ‘ఎలా చేశావు?’ అన్న ప్రశ్న తప్పు చేసినవాళ్ళనే కాక ఒప్పు చేసినవాళ్ళనూ అడగాలి, లేకపోతే ఆ ప్రశ్న వినబడగానే తాను తప్పానని పిల్లలు అనుకుంటారు. బెన్నీలాంటివాళ్ళు బయటపడరు కూడా. ఇంట్లో ఎన్ని మార్కులొచ్చాయని అడిగే పెద్దలు, వారానికి ఒక్కసారైనా ఒక్క లెక్క ముందు కూర్చోబెట్టి చెప్పించుకుని వినాలి. పిల్లలు ఆలోచించడం లేదనే తీర్పు ఇచ్చే ముందు, వాళ్ళు దేని గురించి ఆలోచించేలా మనం పరీక్షలు పెడుతున్నామో చూసుకోవాలి. ఆ తీర్పు వాళ్ళ మీద కంటే మన మీదే ఎక్కువ చెల్లుతుంది.